జీర్ణరసములు వేళకెట్లు స్రవించును?

చింతకాయ పేరు విన్నంతనే మనకు నోరూరును. కాయ నోటబడలేదు; పులుపు నాలుకకు సోకలేదు. అయినను లాలాజలము వచ్చినది. ఇది మిక్కిలి సామాన్యమైన విషయమే కాని, దీనియం దొక గొప్ప శరీరధర్మ మిమిడియున్నది. దానిని మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును సులభముగ దెలుపుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

నోటియందలి లాలాజలగ్రంథులు, జఠరకోశపు గోడయందలి గ్రంథులు, క్లోమము, కాలేయము – ఇవి యాహారమును జీర్ణముచేయుటకు వలయు రసముల నిచ్చును. ఆరోగ్యవంతునకు దినమునకు లాలాజలము సుమారు 1 నుండి 1½ లీటరు, జఠరరసము సుమారు 2 లీటర్లు స్రవించును. ఈ రసము లెల్లవేళల నొకే రీతిని ప్రవహించినచో మేలునకు మారు కీడే కలుగును. జఠరరసమున తీవ్రమైన యామ్లము గలదు. క్లోమరసమునకు మాంసమును గూడ కరగించు శక్తి గలదు. కావున నవి వలసినపుడు, వలసినంత మాత్రమే రావలయును. ఇందులకైన యాజ్ఞలు గ్రంథులకు రెండు మార్గముల జేరుచున్నవి. ఒకటి నాడీమార్గము, రెండవది రక్తమార్గము.

నాడీమార్గమును విశదపరచినవాడు రష్యాదేశపు శాస్త్రజ్ఞుడగు పావ్లోవు. ఆయన యొక కుక్కకు శస్త్రచికిత్స చేసి, అది మ్రింగిన మాంసము కడుపునకు బోక కంఠముననే వెలుపల బడునట్లు చేసెను. ఆహార మించుకయు లోనికి బోకున్నను జఠరరసము ధారాళముగ స్రవించెను. మెదడునుండి కడుపునకు బోవు వేగస్ నాడులను ఛేదింపగా నా స్రావము నిలిచిపోయెను. జీర్ణక్రియనుగూర్చి చేసిన కృషికై 1904లో నాయనకు నోబెల్ బహుమాన మొసగబడెను.

రక్తమార్గము 1902వ సంవత్సరమున లండను యూనివర్సిటీ కాలేజియందు బేలిస్, స్టార్లింగ్ అను నిరువురిచే కనుగొనబడెను. వారొక కుక్కయొక్క చిన్నప్రేవులో నొక భాగమునకు బోవు నాడులను ఛేదించి, దానియం దామ్లమును బోసిరి. వార్త దెచ్చు నాడులు లేకున్నను క్లోమరసము స్రవించెను! పిమ్మట నా ప్రేవుయొక్క లోపొరను గీకి, యామ్లముతో నూరి, వడగట్టి రక్తమున నెక్కింపగా మరల నట్లే జరిగెను. ప్రేవునుండి పుట్టి రక్తముతో బోయి క్లోమమును మేల్కొలుపు నీ పదార్థమునకు వారు సెక్రిటిన్ అని పేరిడిరి. ఇట్టి దూతలకు 1905లో స్టార్లింగ్ హార్మోను అను పేరు నుపయోగించెను.

ఇక నీ యేర్పాటులో మిక్కిలి చక్కని భాగమును జూడుడు. కడుపునుండి యామ్లము చిన్నప్రేవున కడుగిడగనే సెక్రిటిన్ పుట్టును. దానిచే క్షారగుణముగల క్లోమరసము వచ్చి యామ్లమును శమింపజేయును. ఆమ్లము శమింపగనే సెక్రిటిన్ పుట్టుటయు తగ్గును. మడి తడిసినంతనే మడవ కట్టు రైతువలె శరీరము తన పనిని దానే ముగించుకొనును. అట్లే ప్రేవునకు క్రొవ్వు జేరినపుడు కొలిసిస్టోకైనిన్ అను వేరొక హార్మోను పుట్టి, పిత్తాశయమును ముడుచుకొనజేసి పిత్తరసమును బంపించును. కడుపున నామ్లము మితిమీరినచో దానిని బురికొల్పు గ్యాస్ట్రిన్ అను హార్మోను తగ్గిపోవును.

అయితే నాడీమార్గము మనస్సునకు లోబడినది. భయము గలిగినపుడు లాలాజలము తగ్గి నోరెండును. పూర్వము మన దేశమున తండులదివ్య మను పరీక్ష యుండెడిది. నేర మారోపింపబడినవానిచే బియ్యము నమిలించి, యుమియించి, దోషనిర్ణయము చేయుచుండిరి. నోరెండినవానికి బియ్యము నమలుట కష్టము. కాని దోషివలెనే నిర్దోషియు భయపడును గదా! నోరెండుట భయమునకు గుర్తే కాని పాపమునకు గుర్తు కాదు.

పరీక్షనాటి యుదయమున అన్నము గొంతు దిగదని పలువురు విద్యార్థులు చెప్పుట మేమెరుగుదుము. పెద్దలు కొందరు దానిని మారామని తలచి గద్దింతురు. గద్దించినకొలది భయము హెచ్చును. భయము హెచ్చినకొలది నోరెండును. కావున తలిదండ్రులారా! పిల్లల మార్కులను, తప్పులను విచారించుటకు విస్తరిముందు గాక వేరొక సమయమును జూచుకొనుడు. విద్యార్థులారా! గంట మ్రోగుచుండగా నాలుగు ముద్దలు మ్రింగి పరుగెత్తకుడు. కొంచెము ముందుగ గూర్చుండి, నిదానముగ నమిలి, సంతోషముగ భుజింపుడు. తక్కిన పనిని మీ గ్రంథులు మీ రడుగకయే చేసికొనును.