ఉంగరాల జుట్టు: తలంటుకు ముందు

తలంటు రోజు వచ్చిందంటే మా ఇంట ఉంగరాల జుట్టు పిల్లకు కన్నీళ్లే. చిక్కు తీయలేక విసిగి, "నీ తల పిచికగూడు" అని మేమూ అన్నవాళ్లమే. తప్పు జుట్టుది కాదు, మాదేనని ఆలస్యంగా తెలుసుకున్నాము.

మాడున ఊరే జిడ్డు తిన్నని వెంట్రుక వెంట సులువుగా జారుతుంది. మెలికలు దాటి కొసదాకా చేరదు. అందుకే ఉంగరాల జుట్టు కొసలు పొడిబారి చిక్కుపడతాయి. తలంటుకు ముందు రాసిన కొబ్బరినూనె వెంట్రుకలోనికి ఇంకి, అందలి మాంసకృత్తుల నష్టాన్ని తగ్గిస్తుందని 2003లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. పొద్దుతిరుగుడు నూనెకు ఆ గుణం కనబడలేదు. మన పెద్దలది ఉత్త ఆచారం కాదన్నమాట.

మేము చేసేది ఇది. తలంటుకు గంట ముందు జుట్టును నాలుగు పాయలు చేసి, గోరువెచ్చని కొబ్బరినూనెను మాడుకన్న కొసలకే ఎక్కువగా పట్టిస్తాము. ముందు వేళ్లతో, తరువాత వెడల్పు పళ్ల దువ్వెనతో కొసలనుండి పైకి చిక్కు తీస్తాము. సీకాయ అయినా, షాంపూ అయినా మాడుకే రుద్దుతాము.

ఇప్పుడు పిల్ల ఏడవడం లేదు. జుట్టు తిన్నగా చేయించమని అడగడమూ మానింది. సోదరీమణులారా, మీరూ చేసి చూడండి.