కూలిలెక్కల ప్రోగ్రాము

నల్లమల యడవి యంచున, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలో, లింగాల యను మండలము కలదు. చేలును రాతిగుట్టలును దాటిన పిమ్మట దట్టమైన యడవి మొదలగును. ఆ యడవిలోపల అప్పాపూరు మొదలైన చెంచు పెంటలు కలవు. పెంట యనగా చెంచుల చిన్నపల్లె. 2016వ సంవత్సరము వఱకు లింగాల మహబూబ్‌నగరు జిల్లాలోనిది. ఆ జిల్లా పాతపేరు పాలమూరు. వానలు సరిగా కురియని ఆ సీమనుండి వేలకొలది కుటుంబములు తట్టయు పారయు పట్టుకొని మట్టిపనికి దూరప్రాంతములకు వలసపోవుచుండెడివి. ఆనకట్టలు కట్టుచోట్లను, కాలువలు త్రవ్వుచోట్లను పాలమూరు కూలీల పేరు వినబడని చోటు అరుదు.

కేంద్ర ప్రభుత్వము 2005వ సంవత్సరమున గ్రామీణ ఉపాధి హామీ చట్టమును చేసెను. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆ పథకము ప్రారంభమయ్యెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున మొదటి విడతకు ఎన్నుకొనబడిన 13 జిల్లాలలో మహబూబ్‌నగరు ఒకటి. పని కోరిన ప్రతి గ్రామీణ కుటుంబమునకును ఏటికి 100 దినముల పని చూపవలెననియు, నడుమ గుత్తేదారు ఉండరాదనియు, పని చేసిన 15 దినములలోపల కూలి చెల్లింపవలెననియు అందులో వ్రాసిరి. వ్రాయుట సులభమే. కూలి చేతికి వచ్చు త్రోవ మాత్రము పొడవైనది.

ఒక గుంపు చెఱువులో పూడిక తీసెననుకొందము. క్షేత్రసహాయకుడు మస్టరులో, అనగా హాజరుపట్టీలో, పేర్లు గుర్తించును. సాంకేతిక సహాయకుడు టేపు పట్టి, త్రవ్విన గుంట పొడవును, వెడల్పును, లోతును కొలతల పుస్తకమున వ్రాయును. ఆ కొలతను బట్టి గుంపు మొత్తమునకు ఎంత కూలి వచ్చునో తేల్చి, హాజరును బట్టి తలకింత అని పంచవలెను. మండల కార్యాలయమున అధికారి దానిని పరిశీలించి మంజూరు చేయవలెను. ఆ పిమ్మట డబ్బు తపాలాకచేరికో బ్యాంకునకో చేరవలెను. ఇన్ని చేతులలో ఒక్కటి ఆగినను కూలి ఆగిపోవును. ఒక్కటి వంకరపోయినను పని చేయనివాని పేరు పట్టీకెక్కును. చనిపోయినవాని పేరను వ్రేలిముద్ర పడును. పొట్టకూటికి ఎండలో త్రవ్వినవానికి నెల దినముల ఆలస్యమనగా ఏమో వేఱుగా చెప్పనక్కఱలేదు. అతడు అప్పు చేయును, లేదా మరల వలసపోవును.

ఈ లెక్కలన్నియు కంప్యూటరు మీద జరుగవలెనని రాష్ట్ర గ్రామీణాభివృద్ధి శాఖ నిశ్చయించెను. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ అను సంస్థ దానికి తగిన సాఫ్ట్‌వేరును నిర్మించెను. మండల కార్యాలయములలో కంప్యూటరు కేంద్రములు వెలసినవి. ఇట్టి పెద్ద ప్రోగ్రామును ఎట్లు నిర్మింతురు? ఎట్లు నడుపుదురు? ప్రోగ్రాము వ్రాయుట యనగా చల్లని గదిలో కూర్చుండి మీటలు నొక్కుట యని చాలమంది తలంతురు. మీటలు నొక్కుట ఆ పనిలో చిన్నభాగము.

మొదటి పని అడుగుట. ఒకే ఊరిలో పేరును ఇంటిపేరును ఒకటిగా గలవారు ఇరువురున్నచో వారిని వేఱుపఱచుట యెట్లు? కూతురు పెండ్లియై అత్తవారింటికి పోయినచో ఆమె పేరు ఏ ఇంటి కార్డులో ఉండవలెను? ఒకే దినమున ఒకే మనిషి రెండు మస్టరులలో కనబడినచో ప్రోగ్రాము ఏమి చేయవలెను? మెత్తని నేలలో తట్టెడు మట్టి తీయుటకును, గట్టి మొరములో తట్టెడు మట్టి తీయుటకును కూలి ఒకటేనా? ఈ కడపటి ప్రశ్నకు జవాబు కార్యాలయములో దొరకదు. ఆడువారును మగవారును త్రవ్వుచుండగా ప్రక్కన నిలిచి, గడియారము చూచుచు లెక్కించినగాని తెలియదు. రాష్ట్రములో అట్టి పరిశీలనలు జరిపియే నేల తీరును బట్టి రేట్లు నిర్ణయించిరి.

ఇట్లు సేకరించిన జవాబులను వ్రాసియుంచుదురు. పని చేయించుకొను శాఖవారును, చేసిపెట్టు సంస్థవారును దానిని చదివి ఒప్పుకొన్న తరువాతనే నిర్మాణము మొదలుపెట్టవలెను. తలుపు ఎచ్చట కావలెనో మేస్త్రికి ముందుగా చెప్పనివాడు గోడ లేచిన తరువాత దానిని పగులగొట్టించుకొనును. ప్రోగ్రాములలో ఇట్టి గోడలు పగులుట నిత్యము జరుగుచుండును. ఆ ఖర్చు పైకి కనబడదు గనుక ఎవ్వరును అంతగా పట్టించుకొనరు.

చిన్న సంగతియే గదా యని అడుగక విడిచిన ప్రశ్న ఎంత పని చేయునో ఒక ఉదాహరణము చూడుడు. అమెరికాలోని నాసా సంస్థవారు అంగారకుని వద్దకు పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను వ్యోమనౌక 1999 సెప్టెంబరు 23న గమ్యము చేరబోవుచు నశించెను. భూమిమీద ఒక ప్రోగ్రాము రాకెట్టు బలపు లెక్కను పౌనులలో ఇచ్చుచుండగా, దానిని అందుకొన్న ప్రోగ్రాము న్యూటనులుగా గ్రహించెను. ఏ ప్రోగ్రామునకు ఆ ప్రోగ్రాము తన లెక్కను సరిగానే చేసెను. రెంటి నడుమ కొలమానము కుదిరినదా లేదా యని సరిచూచుకొనుట మాత్రము తప్పిపోయెను. అంగారకుని విడిచి మన చెఱువు కడకు వత్తము. ఒకడు గుంటను అడుగులలో కొలిచి వ్రాయగా, ఆ అంకెలనే మీటర్లుగా ఎక్కించిరనుకొనుడు. మీటరునకు 3.28 అడుగులు. పొడవు, వెడల్పు, లోతు మూడింటను ఆ పొరపాటు జరుగును గనుక గుంట ఘనపరిమాణము సుమారు 35 రెట్లగును. లెక్క వేసి చూచుకొనవచ్చును.

రెండవ సంగతి, ఎవరికి ఏ అధికారమో నిర్ణయించుట. హాజరును ఎక్కించు ఆపరేటరు డబ్బును మంజూరు చేయరాదు. మంజూరు చేయు అధికారి కొలతలను దిద్దరాదు. ఎవరి సంకేతపదము వారిది. ఎవరు ఏ గడియలో ఏ అంకెను మార్చిరో ప్రోగ్రాము తనలో వ్రాసికొనుచుండవలెను. సంకేతపదమును కాగితముపై వ్రాసి కంప్యూటరునకు అంటించి, వచ్చినవారందఱు దానినే వాడుకొను కార్యాలయములు లేకపోలేదు. అట్టిచోట ఎంత మంచి ప్రోగ్రామైనను తాళము వేసి తాళపుచెవిని గుమ్మమునకు వ్రేలాడదీసిన ఇల్లే.

ఇన్ని చేసినను ప్రోగ్రామునకు కన్నులు లేవు. చెఱువులో పదిమంది ఉండగా ఇరువదియని వ్రాసి యిచ్చినచో అది ఇరువదిమందికిని తప్పులేకుండ కూలి కట్టును. కావున లోపలి తనిఖీతోపాటు బయటి తనిఖీ కావలసివచ్చెను. దానికే సామాజిక తనిఖీ యని పేరు. కంప్యూటరులోని లెక్కలను అచ్చువేయించి, ఇంటింటికి పోయి, ‘మీరు ఇన్ని దినములు పని చేసితిరా? ఇంత ముట్టినదా?’ యని అడిగి, తేలినదానిని గ్రామసభలోను, పిమ్మట మండలస్థాయి సభలోను అందఱి యెదుట చదువుదురు. ఈ పని నిమిత్తమే రాష్ట్రములో 2009వ సంవత్సరమున ప్రత్యేకముగా ఒక సంస్థ ఏర్పడెను. కంప్యూటరు లేనిదే ఇన్ని పేర్లను ఊరూరికి అచ్చువేయుట సాగదు. ఊరివారు లేనిదే కంప్యూటరు లెక్క నిజమో కాదో తేలదు.

ఇక కాలము సంగతి. పూడిక తీయుట పదిమందికి ఇరువది దినములు పట్టినచో, ఇరువదిమందికి పది దినములు పట్టును. ప్రోగ్రామునకు ఈ త్రైరాశికము చెల్లదు. ఫ్రెడరిక్ బ్రూక్స్ అను నతడు 1960 దశకమున ఐ.బి.ఎం. సంస్థలో ఓ.ఎస్./360 అను పెద్ద ప్రోగ్రాముల సముదాయపు నిర్మాణమును నడిపెను. ఆ యనుభవముపై 1975లో ‘ది మిథికల్ మ్యాన్ మంత్’ అను గ్రంథమును వెలువరించెను. ఆలస్యమైన సాఫ్ట్‌వేరు పనిలో క్రొత్తవారిని చేర్చినచో అది ఇంకను ఆలస్యమగునని అతడు అందులో చూపెను. క్రొత్తవానికి పని నేర్పుటకు పాతవాడు తన పని మానవలెను. అదిగాక ప్రోగ్రాములోని ఒక్కొక్క భాగము తక్కిన భాగములతో ముడిపడియుండును గనుక వ్రాయువారందఱును ఒకరితో నొకరు మాటలాడుకొనవలెను. ఐదుగురున్నచో ఆ జతలు 10, పదిమందియైనచో 45. మనుష్యులు రెట్టింపైరి, మాటలు నాలుగురెట్లు దాటినవి. మట్టి త్రవ్వువారికి ఈ చిక్కు లేదు; ఎవరి గుంట వారిది. గడువు దగ్గఱపడగానే ‘మనుష్యులను పెంచుడు’ అని కేకలు వేయు అధికారులు బ్రూక్స్ గ్రంథమును చదివియుండరు. గడువు తప్పనున్నదని తెలిసినప్పుడు పనిని విడతలుగా విభజించి, అత్యవసరమైన భాగమును ముందు ముగించుట మేలు. కూలి చెల్లింపు ముందు. అందమైన పటములును పట్టికలును పిదప.

వ్రాసిన ప్రోగ్రామును పరీక్షింపక ప్రజల మీదికి విడువరాదు. ఒకచోట బాగుగా పనిచేసినది వేఱొకచోటను పనిచేయునని నమ్మరాదు. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియాన్-5 రాకెట్టు తన తొలి ప్రయాణమున, నిమిషమైనను గడవకముందే ప్రేలిపోయెను. అంతకుముందటి ఏరియాన్-4 రాకెట్టులో చక్కగా నడచిన ప్రోగ్రామును దీనిలో అట్లే పెట్టిరి. క్రొత్త రాకెట్టు వేగము ఎక్కువ. ఆ వేగమునుండి పుట్టిన ఒక అంకె, దానికై ఉంచిన చోటులో పట్టలేదు. ఆ క్రొత్త ప్రయాణపు లెక్కలతో ఆ ప్రోగ్రామును ముందు పరీక్షించియున్నచో తప్పు నేలమీదనే బయటపడియుండెడిది. హైదరాబాదులో కరెంటు పోని గదిలో నడచినది, మస్టరు సగము ఎక్కించునంతలో కరెంటు పోవు చోట ఎట్లు నడచును? పోయిన సగము మిగులునా, చెఱగునా, రెండుమార్లు ఎక్కునా? పరీక్షించువాడు ప్రోగ్రామును మెచ్చుకొనుటకు గాక దానిని పడగొట్టుటకే కూర్చుండవలెను.

పరీక్ష ముగిసినను అన్నిచోట్ల ఒక్కమారు విడువక క్రమముగా విడుచుట పద్ధతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వ్రేలిముద్ర గుర్తుగల స్మార్ట్‌కార్డుల ద్వారా కూలి చెల్లింపును ప్రవేశపెట్టినప్పుడు, 8 జిల్లాలలోని 157 మండలములను తీసికొని, ఏ మండలమునకు ముందో ఏ మండలమునకు వెనుకో చీట్లు వేసినట్లు నిర్ణయించిరి. మహబూబ్‌నగరు ఆ ఎనిమిదింటిలో లేదు. ముందు పొందిన 112 మండలములను తక్కిన 45తో పోల్చి కార్తిక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశోధన చేసి 2016లో ప్రకటించిరి. కార్డులు వచ్చినచోట కూలి త్వరగా చేరెననియు, నడుమ జాఱిపోవు డబ్బు తగ్గెననియు అందులో తేలెను. క్రొత్త ఏర్పాటు మేలు చేసెనా లేదా యని కొలిచి చూచుట కార్యాలయములలో అరుదైన పని.

ప్రోగ్రాము ఒకమారు కట్టి తాళము వేయు గుడి కాదు. రేట్లు మాఱును, వేసవిలో నేల గట్టిపడును గనుక పని కొలతలో సడలింపు వచ్చును, క్రొత్త ఉత్తరువులు వచ్చును. ప్రతి మార్పునకును ఎవరు కోరిరి, ఎవరు చేసిరి, ఏ దినమున అను వివరములు వ్రాసియుంచి, పాత ప్రతిని భద్రపఱచవలెను. క్రొత్తది వికటించినచో గంటలోనే పాతదానికి మరలుటకు వీలుండవలెను. మార్పును ముందు నకలు లెక్కలమీద పరీక్షింతురేగాని నిజమైన కూలిలెక్కలమీద కాదు. ఆ నిజమైన లెక్కలకును ప్రతిదినము నకలు తీసి వేఱొకచోట దాచుదురు. ఆ నకలును అప్పుడప్పుడు తెఱచి చూడనిచో, అవసరము వచ్చిన దినమున అది ఖాళీగా కనబడవచ్చును.

మార్పులలోకెల్ల కష్టమైనవి కొందఱి కొఱకే చేయవలసినవి. చెంచుల జీవనము వేఱు. తేనె, గడ్డలు, బంక సేకరించుకాలమున వారు అడవి లోపలికి పోదురు. మైదానపు కూలీలవలె వారము వారము మస్టరునకు నిలువరు. 2009లో రాష్ట్ర ప్రభుత్వము వారి కొఱకు ఉపాధి హామీ క్రింద ప్రత్యేక ప్రాజెక్టును ప్రారంభించెను. ఇట్టి ప్రత్యేక నియమము వచ్చినప్పుడు దానికి ప్రోగ్రాములో చోటు చూపవలెను. కొంత కూలిని ముందే ఇయ్యవలెనని నియమము చేసిరనుకొందము. కొలత లేనిదే డబ్బు కదలనీయని ప్రోగ్రాము దానిని నిరాకరించును. ఆపరేటరు ‘కంప్యూటరు తీసికొనుట లేదు’ అనును. ఆ మాట విన్న చెంచు ఎవరితో వాదింపగలడు? కాదన్నది కంప్యూటరు కాదు. ఆ గడిని ఉంచుట మఱచిన మనుష్యుడు. ఆ మనుష్యుడు ఎవరో, అతనికి ఈ ఫిర్యాదు ఎన్ని దినములలో చేరునో, చేరినపిమ్మట ఎవరు జవాబు చెప్పవలెనో ముందుగా ఏర్పాటు చేయుట సంస్థ నడుపువారి పని. ఫిర్యాదు చేరు త్రోవ లేని సాఫ్ట్‌వేరు సంస్థ ఎంత పెద్దదైనను అరకొఱ సంస్థయే.

తరువాతి కాలమున కూలీల హాజరును ఫోనుతో తీయు పద్ధతి వచ్చెను. కేంద్ర ప్రభుత్వము 2021లో దానికొక యాప్‌ను వెలువరించి, 2023 జనవరి 1 నుండి పనిస్థలములలో దినమునకు రెండుమార్లు, సమయమును స్థలమును తెలుపు ఫొటోలు తీసి పంపవలెనని నియమించెను. దొంగహాజరును అరికట్టుటకు అది మంచి యుపాయముగా తోచెను. కాని అడవులలోను గుట్టల వెనుకను సిగ్నలు అందదు. పని చేసిన దినమున ఫొటో ఎక్కలేదన్న కారణమున హాజరు పోవుచున్నదని దేశములో పలుచోట్లనుండి కూలీలు మొఱపెట్టుకొనిరి. సిగ్నలు లేనిచోట తీసిన ఫొటోలు ఫోనులోనే నిలిచియుండి, సిగ్నలు అందు చోటికి చేరిన తరువాత పైకి పోవునట్లు యాప్‌లో వీలు కల్పించిరి. ఏ గట్టెక్కినచో సిగ్నలు అందునో, ఎచ్చట ఎంతమాత్రము అందదో, అడిగినచో ఏ పెంటలోని మేటైనను మొదటి దినముననే చెప్పియుండెడివాడు.