డబుల్ లేయర్ డీవీడీ సగంలో ఆగిపోతోందా?

సిగ్నల్ సరిగా అందని ఊళ్ల రైతుల కోసం మన వీడియోలను డీవీడీల్లో ఎక్కించి ఇస్తున్నాను. మామూలు డిస్కులో 4.7 జీబీయే పడుతుంది. అందుకే 8.5 జీబీ పట్టే డబుల్ లేయర్ డిస్కులు తెచ్చాను. మొదటి మూడూ సగం దగ్గరే ఎర్రర్ చూపించి పాడైపోయాయి. వీటిలో చెరిపి మళ్లీ రాయడం ఉండదు, డబ్బులు పోయినట్టే.

ఎందుకిలా అంటే, మొదటి పొర నిండాక లేజర్ రెండో పొర మీదికి మారాలి. డిస్కు నాసిరకమైనా, స్పీడ్ ఎక్కువైనా అక్కడే తడబడుతుంది.

నేనేం చేశానంటే: ముందు డ్రైవ్ డబుల్ లేయర్ రాస్తుందో లేదో చూసుకున్నా. డిస్కు కంపెనీ మార్చా. స్పీడ్ 2.4 ఎక్స్‌కి తగ్గించా. రాస్తున్నంతసేపూ కంప్యూటర్‌లో వేరే పని పెట్టలేదు. నాలుగోది పూర్తయింది.

అయినా వెంటనే రైతు చేతికి ఇవ్వకండి. వెరిఫై పెట్టండి, ప్లేయర్‌లో రెండో సగం కూడా నడిపి చూడండి. నా డిస్కులో జీవామృతం కొలతలు ఉన్నది అక్కడే. 200 లీటర్ల నీళ్లు డ్రమ్ములో పోసుకున్నాక వీడియో ఆగిపోతే, బెల్లం, పిండి ఎంత కలపాలో ఆయన ఎవర్ని అడగాలి?

ఎలా చేశానో కింద వీడియోలో చూపించాను, చూడండి.