కట్టుడు పళ్లా... ఇంప్లాంట్లా? ముందు కింది దవడ సంగతి చూడండి

సంక్రాంతికి ఐ.పోలవరం వచ్చిన పిల్లలకు ఇంట్లో ఒక మార్పు ఇట్టే తెలిసిపోతుంది. నాన్నగారి పళ్లెంలో జంతికలు అలాగే ఉండిపోతాయి. కొబ్బరి ముక్కను చేత్తో పట్టుకుని మళ్లీ పక్కన పెట్టేస్తారు. అమ్మ గుట్టు విప్పుతుంది: ‘పళ్ల సెట్టు కట్టించి ఏడాదైంది. భోజనానికి కూర్చుంటే తీసి గ్లాసులో వేస్తారు, ఎవరైనా వస్తే పెట్టుకుంటారు’. తినడానికి చేయించిన పళ్లు ఫొటోలకే పనికొస్తున్నాయన్నమాట. వెంటనే అబ్బాయి ‘ఖర్చెంతయినా ఫర్లేదు, ఇంప్లాంట్లు వేయించేద్దాం, నా సెలవు అయ్యేలోపు పనైపోవాలి’ అంటాడు. ప్రేమ బాగానే ఉంది గానీ, దీనికి పది రోజులు చాలవు.

మీ ఇంట్లోనూ ఇదే చర్చ నడుస్తుంటే డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక ప్రశ్న అడగండి. ఇబ్బంది పెడుతున్నది పై సెట్టా, కింది సెట్టా?

చాలామంది చెప్పే జవాబు ‘కిందిది’. పై సెట్టు అంగిలినంతా కప్పి గాలి చొరకుండా అతుక్కుంటుంది. కింది సెట్టుకు ఆ ఆధారం లేదు. గుర్రపు నాడాలా సన్నగా ఉండి, నాలుక కదిలినప్పుడల్లా లేస్తుంది. పైగా పన్ను పోయిన చోట దవడ ఎముక అరుగుతూనే ఉంటుంది. మొదటి ఏడాది ఈ అరుగుదల ఎక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ పై దవడ కన్నా కింది దవడ సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా అరుగుతుందని పరిశీలనలు చెబుతున్నాయి. నిరుడు సరిపోయిన సెట్టు ఈ ఏడాది వదులైతే ప్రతిసారీ కట్టిన డాక్టరును తప్పుపట్టలేం. లోపలి వైపు కొత్త పొర వేయించి బిగువు సరిచేయించుకోవచ్చు. ఇంట్లో ఉన్న జిగురుతో అతికించే ప్రయత్నం మాత్రం వద్దు.

ఎముకలో వేళ్లూనే మర

ఇంప్లాంటు అంటే దవడ ఎముకలో బిగించే చిన్న టైటానియం మర. దానిపై పన్ను కూర్చోబెడతారు. ఎముక టైటానియంతో కలిసిపోతుందని స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ 1950లలో గుర్తించారు. 1965లో గోస్టా లార్సన్ అనే వ్యక్తికి కింది దవడలో మొదటిసారి అమర్చారు. 2006లో ఆయన చనిపోయేవరకూ, అంటే సుమారు 40 ఏళ్లు, అవి పనిచేశాయి.

అయితే ఎముక మరను పట్టుకోవడానికి కింది దవడలో సాధారణంగా మూడు నెలలు పడుతుంది. పైదవడలో ఆరు నెలల దాకా పట్టొచ్చు. ‘ఒక్కరోజులో పళ్లు’ అనే ప్రకటనలు పూర్తిగా అబద్ధమని కాదు. ఎముక గట్టిగా ఉంటే అదే రోజు తాత్కాలిక పళ్లు పెట్టగలరు. కానీ అది అందరికీ కుదరదు. మీ నాన్నగారికి కుదురుతుందో లేదో స్కాన్ చూశాకే తేలుతుంది.

మూడో దారి

అసలు ఈ విషయంలో రెండే దారులున్నాయనుకోవడమే పొరపాటు. పళ్లన్నీ పోయిన కింది దవడకు రెండు ఇంప్లాంట్లు వేసి, వాటి ఆధారంతో తీసి పెట్టుకునే సెట్టు ఇవ్వడమే మొదటి ఎంపిక కావాలని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు చెప్పారు. పిల్లల గౌనుకు ఉండే టిచ్ బటన్ లాంటి ఏర్పాటు ఇది. నొక్కితే పడుతుంది, లాగితే వస్తుంది. మాట్లాడుతుంటే లేవదు. దవడ మొత్తానికి స్థిరమైన పళ్లు కావాలంటే నాలుగు నుంచి ఆరు మరలు పడతాయి కాబట్టి ఖర్చులో పెద్ద తేడా ఉంటుంది. బటన్‌లోని పట్టు అరిగినప్పుడు మార్పించుకోవాలి, అంతే. పై దవడకు మామూలు సెట్టే చాలామందికి సరిపోతుంది. బడ్జెట్ తక్కువైతే ఆ డబ్బును కింది దవడకే పెట్టమంటాను.

నోట్లో ఒకటి రెండు గట్టి పళ్లుంటే ‘ఎలాగూ సెట్టు కడతారుగా’ అని పీకించేయకండి. ఆ వేళ్లను నిలబెట్టి వాటిపైనే సెట్టు కట్టే వీలుందేమో అడగండి. వేరు ఉన్నంతకాలం అక్కడ ఎముక అంత తొందరగా అరగదు.

వయసు 75 దాటిందని ఇంప్లాంటు వద్దనక్కర్లేదు. షుగర్ అదుపులో లేకపోవడం, చుట్ట, సిగరెట్ మానకపోవడం అంతకంటే పెద్ద అడ్డంకులు. దవడకు రేడియేషన్ పడినా, ఎముకల బలానికి ఇంజెక్షన్లు తీసుకుంటున్నా ఆ సంగతి ముందే చెప్పాలి. రక్తం పలచబడే మాత్రలను గుండె డాక్టరును అడగకుండా ఆపొద్దు.

పిల్లలు వెళ్లిపోయాక ఎవరు చూస్తారు?

ఈ ప్రశ్న చాలా ఇళ్లలో ఎవరూ అడగరు. ఇంప్లాంటుకు పుచ్చు పట్టదు గానీ చుట్టూ చిగురు వాచి, ఎముక కరిగి, మర వదులవుతుంది. స్థిరమైన పళ్ల కింద చిన్న బ్రష్షుతో రోజూ శుభ్రం చేయాలి. చేతులు వణికేవారికి, పక్షవాతం వచ్చినవారికి అది కష్టం. తీసి కడుక్కునే సెట్టయితే అమ్మయినా సాయం చేయగలదు.

వైద్యం చేయించే ఊరు కూడా ఆలోచించే ఎంచుకోండి. అబ్బాయి ఉన్న హైదరాబాద్‌లో వేయిస్తే, మర వదులైన రోజున నాన్నగారు ఎక్కడికి వెళ్లాలి? అమలాపురమో, ఎదుర్లంక వంతెన దాటి యానాం, కాకినాడో అయితే ఆర్నెల్లకోసారి చూపించుకోవడం తేలిక. రాజమహేంద్రవరం వైపు దంత కళాశాలల ఆసుపత్రుల్లో ఖర్చు తగ్గొచ్చు, తిరుగుడు మాత్రం ఎక్కువ. ఎక్కడ చేయించినా స్కాన్, మర, దానిపై భాగం, పన్ను... అన్నిటికీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి. ప్రకటనలో కనిపించే ధర ఒక్కోసారి మరకు మాత్రమే. మర కంపెనీ, సైజు వివరాల కార్డు అడిగి దాచండి. ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు ఈ ఖర్చు ఇవ్వవు.

సెట్టునే ఎంచుకుంటే రాత్రి తీసి నీళ్లలో వేయాలి. వేడినీళ్లు తగిలితే వంకరపోతుంది. కడిగేటప్పుడు కింద నీళ్ల బేసిన్ పెట్టుకుంటే జారినా విరగదు. కొత్తలో మాట తడబడితే రోజూ కాసేపు పేపరు పైకి చదవమనండి.

అన్నీ కుదిరి పండక్కి కింది దవడలో మరలు బిగిస్తే, మామిడిపళ్ల రోజులకు సెట్టు బటన్లు పడతాయి. అప్పటిదాకా పాత సెట్టునే సర్ది ఇస్తారు. ఆ తర్వాత కూడా చెరకు గడను పళ్లతో చీల్చొద్దని నాన్నగారికి గుర్తుచేయండి. చిన్న ముక్కలు కోసి పెడితే సరి.