జిడ్డు పోవాలి, జాకెట్ మిగలాలి

విశాఖపట్నంలో మాది చిన్న లాండ్రీ. చలికాలం మొదలైతే అరకు, లంబసింగి వెళ్లొచ్చిన బైకు కుర్రాళ్ల జాకెట్లు వరసకడతాయి. మోచేతికి చెయిన్ గ్రీజు, పొట్ట మీద మిరపకాయ బజ్జీ నూనె, కాలరు చుట్టూ తలనూనె. ‘మచ్చ కనపడకుండా చేసివ్వక్కా, చాలు’ అంటారు. అది చాలదని ప్రతి ఒక్కరికీ చెబుతాను. వాన జాకెట్‌కు కంటికి కనిపించే మచ్చ కన్నా, బట్టలో మిగిలిపోయే నూనె ఎక్కువ చేటు చేస్తుంది.

ఈ జాకెట్ల పైబట్టకు నీటిని నిలవనివ్వని సన్నటి పూత ఉంటుంది. చినుకు పడితే గుండ్రటి బొట్టై జారిపోతుంది. జిడ్డు పట్టినచోట మాత్రం నీళ్లు పరుచుకుని బట్టలోకి ఇంకుతాయి. ఖరీదైన వాటిలో లోపల మరో పొర కూడా ఉంటుంది. 1969లో అమెరికాలో బాబ్ గోర్ కనిపెట్టిన పదార్థంతో వచ్చిన గోర్‌టెక్స్ అలాంటిదే. చెమట ఆవిరిని బయటికి వదులుతుంది, వాననీటిని ఆపుతుంది. తొలినాళ్లలో ఒంటి జిడ్డు చేరి ఆ పొరే కారడంతో, జిడ్డును అడ్డుకునే మరో పూతను దానికి జోడించాల్సి వచ్చింది.

జాకెట్ చేతికి రాగానే నేను అడిగేది ఒక్కటే: ‘ఇది తినే నూనా, బండి నూనా?’ వంటనూనె, నెయ్యి, ఒంటి జిడ్డు అయితే లైపేజ్ అనే ఎంజైమ్ వాటిని ముక్కలు చేస్తుంది. 1988 నుంచి డిటర్జెంట్లలో ఇది వాడకంలో ఉంది. ఇంజన్ ఆయిల్, గ్రీజు భూమిలోంచి తీసిన నూనెతో చేసినవైతే ఈ ఎంజైమ్ వాటిని ఏమీ చేయలేదు. పైగా చెయిన్ గ్రీజులో ఇనుప రజను, రోడ్డు దుమ్ము కలిసి ఉంటాయి. నలుపంతా దాన్నుంచే. నూనె వదిలాక కూడా ఆ నలుపు కాస్త మిగలొచ్చు.

మరక తాజాగా ఉంటే ముందు టిష్యూతో అద్దండి. రుద్దితే నూనె పక్కకు పాకుతుంది. పైన టాల్కమ్ పౌడరో, మొక్కజొన్న పిండో చల్లి అరగంట వదిలి దులిపేయండి. తర్వాత, బట్ట పొడిగా ఉండగానే, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి వేలితో పట్టించండి. జాకెట్ లోపలి అంచున ముందుగా పరీక్షించుకుంటే రంగు భయం ఉండదు. ఇరవై నిమిషాలాగి మెత్తని టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా తోమి, గోరువెచ్చని నీళ్లతో జాడించండి. ఈ బట్టలు ఎక్కువగా పాలిస్టర్‌వి. పాలిస్టర్ నీటిని దగ్గరికి రానివ్వదు గానీ నూనెను పట్టుకుంటే సులువుగా వదలదు. అందుకే ఒక్కసారికి పోకపోతే గట్టిగా తోమకండి, మళ్లీ లిక్విడ్ పట్టించండి. ఆపైన లేబుల్ మీద రాసిన వేడి దాటకుండా లిక్విడ్ డిటర్జెంట్‌తో మొత్తం ఉతకండి. బోరు నీళ్లున్న ఇళ్లలో బట్టల సబ్బు వద్దు. ఆ నీళ్లలోని సున్నంతో కలిసి తెల్లటి తెట్టులా బట్టకు పట్టుకుంటుంది. కంఫర్ట్‌లాంటి మృదువుగా చేసే ద్రవాలు, బ్లీచింగ్ అసలే వద్దు. ఒకటికి రెండుసార్లు జాడించి నీడన ఆరేయండి.

మరక పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ పెట్టె, డ్రయ్యర్ దూరంగా ఉంచండి. వేడి తగిలితే వంటనూనె గాలితో కలిసి గట్టిపడి, దీపపు కుందె అంచున పేరుకున్న జిగురులా పసుపుపచ్చగా అంటుకుపోతుంది. మా దగ్గరికి వచ్చే మొండి మరకల్లో చాలావాటి మీద అప్పటికే ఇస్త్రీ పడి ఉంటుంది.

మెకానిక్ షెడ్డులో చేతులు కడుక్కున్నట్టు జాకెట్‌ను పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో తుడవకండి. కుట్ల మీది టేపు జిగురు ఊడొచ్చు, పూత చెడొచ్చు. ఆ తడితో వాషింగ్ మెషీన్‌లో వేస్తే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. డ్రై క్లీనింగ్‌కు ఇచ్చేముందు లేబుల్ చూడండి. సున్నా మీద ఇంటూ గుర్తుంటే ఇవ్వకూడదని అర్థం.

అంతా అయ్యాక మరక ఉన్నచోట నాలుగు నీటిబొట్లు చల్లి చూడండి. గుండ్రంగా నిలిచి జారిపోతే నూనె పోయినట్టే. పరుచుకుంటే జిడ్డు మిగిలి ఉండొచ్చు, కాబట్టి లిక్విడ్‌తో ఇంకోసారి ఉతకండి. మరక ఆనవాలు లేకపోయినా బొట్టు నిలవకపోతే పూత నీరసించిందన్నమాట. లేబుల్ ఒప్పుకుంటే, పైన బట్ట వేసి తక్కువ వేడిలో ఇస్త్రీ చేస్తే పూత మళ్లీ పనిచేయవచ్చు. అప్పటికీ నిలవకపోతే నీటిని ఆపే స్ప్రే కొట్టుకోవాలి. జిడ్డు మీద కొడితే అది సరిగా పట్టదు. నీటిబొట్టు పరీక్ష నెగ్గిన జాకెట్ మీద కాస్త నలుపు ఛాయ మిగిలిందని దాన్ని పారేయకండి. వానకు అది మునుపటిలాగే ఆగుతుంది.