అబ్రప్ట్ అంటే సడన్ ఒక్కటేనా?

ఈ రోజు మన పదం అబ్రప్ట్. రెండో భాగాన్ని ఒత్తి పలకాలి: అ-బ్రప్ట్. డిక్షనరీ తీస్తే ‘హఠాత్తుగా జరిగిన’ అని ఉంటుంది. సడన్ అన్నా అదే కదా, మళ్ళీ ఇంకో మాట ఎందుకు అనిపిస్తుంది.

ఇది లాటిన్‌లో ‘విరిగిపోయిన, తెగిపోయిన’ అనే మాట నుంచి వచ్చింది. ఇంటరప్ట్, ఎరప్ట్, రప్చర్ అన్నీ ఆ కుటుంబమే. అందుకే అబ్రప్ట్ అనాలంటే ముందు ఏదో ఒకటి సాగుతూ ఉండాలి, అది మధ్యలో పుటుక్కున తెగాలి. వాన ఉన్నట్టుండి కురిస్తే సడన్ రెయిన్. మీటింగ్ మధ్యలో గొడవై ఆగిపోతే, ‘ద మీటింగ్ కేమ్ టు యాన్ అబ్రప్ట్ ఎండ్.’ మనం అర్ధాంతరంగా అంటామే, అదన్నమాట. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకి లాక్‌డౌన్ ప్రకటించారు, అర్ధరాత్రి నుంచే అమలు. నాలుగు గంటలే వ్యవధి. దాన్ని అబ్రప్ట్ అంటే సరిగ్గా సరిపోతుంది.

రెండో అర్థం మనిషి మాటతీరు గురించి. మనవాళ్ళకి ఎక్కువ ఇబ్బంది వచ్చేది ఇక్కడే. మేనేజర్ ‘యువర్ మెయిల్స్ సౌండ్ అబ్రప్ట్’ అన్నారనుకోండి, మెయిల్స్ హఠాత్తుగా వస్తున్నాయని కాదు. పుల్ల విరిచినట్టు ఉన్నాయని! చూశారా, మన జాతీయంలోనూ విరగడమే ఉంది. రూడ్ అన్నంత పెద్ద నింద కాదు గానీ, పొగడ్త మాత్రం కాదు.

ఎందుకలా అనిపిస్తుందంటే, తెలుగులో ‘ఫైల్ పంపండి’ అన్నప్పుడు ఆ ‘అండి’లోనే మర్యాద ఉంది. ఇంగ్లిష్‌లోకి మార్చగానే ‘సెండ్ ద ఫైల్’ అవుతుంది. అండి ఎగిరిపోయింది, ఆజ్ఞ మిగిలింది. రాసినవాళ్ళ మనసులో అమర్యాద ఏమీ లేదు, పాపం. ‘కుడ్ యు ప్లీజ్ సెండ్ ద ఫైల్?’ అని రాస్తే ఆ అండి తిరిగొస్తుంది.

నిటారుగా ఉన్న కొండచరియని కూడా అబ్రప్ట్ అంటారు, అది ఎక్కువగా పుస్తకాల్లోనే కనిపిస్తుంది. ఎవరితో అని చెప్పాలంటే మామూలుగా ‘విత్’ వాడతాం: ‘షి వాజ్ అబ్రప్ట్ విత్ మీ.’ క్రియతో అయితే అబ్రప్ట్‌లీ. ‘హి లెఫ్ట్ అబ్రప్ట్‌లీ’ అంటే చెప్పాపెట్టకుండా లేచి వెళ్ళిపోయాడని.