పూడికను కదపని మాత్ర

పుదుచ్చేరి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా నాన్నగారికి షుగరు ఉంది, బీడీ అలవాటూ ఉంది. బీచ్ రోడ్డులో గాంధీ విగ్రహం దాటి నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేస్తుంది. కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. డాక్టరుగారు సిలోస్టజాల్ రాశారు. అది పూడికను కరిగిస్తుందా?"

కరిగించదు. అసలు విశేషం అక్కడే ఉంది.

కాలి ధమనిలో కొవ్వు పేరుకుని దారి ఇరుకైంది. కూర్చున్నప్పుడు సరిపోయే రక్తం, నడిచే కండరానికి చాలదు. నాళాలను సడలిస్తే సరిపోతుందని వైద్యులు చాలాకాలం నమ్మారు. కానీ రక్తం అందని కండరంలో చిన్న నాళాలు అప్పటికే పూర్తిగా తెరుచుకుని ఉంటాయి. మందు మిగతా నాళాలను తెరిస్తే, ఉన్న రక్తం కూడా అటే పోతుంది! ఆ తర్వాత ఎర్రకణాలను మెత్తబరుస్తుందంటూ పెంటాక్సిఫిలిన్ వచ్చింది. 2000లో వెలువడిన 24 వారాల పరీక్షలో దానితో నడక 64 మీటర్లు పెరిగితే, ఉత్తుత్తి మాత్రతో 65 మీటర్లు పెరిగింది. సిలోస్టజాల్‌తో 107.

ఎలా? కణం తనకు శక్తినిచ్చే ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ అనే అణువును తయారుచేసుకుంటుంది. ఆ ఏటీపీని 1929లో కండరం నుంచి వేరుచేసినవారిలో సైరస్ ఫిస్క్‌తో పాటు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. సైక్లిక్ ఏఎంపీలో ఫాస్ఫేటు, చక్కెర భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంటుంది. సైక్లిక్ ఏఎంపీ, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్‌లో పెరిగితే ప్లేట్‌లెట్లు గుమిగూడవు. నాళపు గోడలో పెరిగితే గోడ సడలుతుంది. ఫాస్ఫోడయెస్టరేస్-3 అనే ఎంజైము వచ్చి ఒక చెయ్యి తెంచగానే ఈ ప్రభావమంతా ఆగిపోతుంది. ఎంజైము తెంచే చోటే సిలోస్టజాల్ తిష్ఠ వేస్తుంది. పైగా అడినోసిన్‌ను కణాల్లోకి పోనివ్వదు. బయట మిగిలిన అడినోసిన్ ప్లేట్‌లెట్లలో సైక్లిక్ ఏఎంపీని ఇంకా పెంచుతుంది. ఎంత అందమైన జంట పని! ఒక్క సడలింపే కారణమైతే పాత మందులే గెలిచేవి. అందుకే నడక పెరగడంలో దేని వాటా ఎంతన్న వాదన ఇంకా సాగుతోంది.

గుండె కండరంలోనూ ఈ ఎంజైమే ఉంది. సిలోస్టజాల్‌లాగే దాన్ని అడ్డుకునే మిల్రినోన్ మాత్రలు గుండె వైఫల్య రోగుల్లో మరణాలు పెంచాయని 1991లో తేలింది. కాబట్టి ఆ జబ్బున్నవారికి సిలోస్టజాల్ నిషిద్ధం.

మాత్రతో పాటు నడక సాధనా కావాలి. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవడానికి సాయంత్రం ఆరు దాటాక బండ్లు రాని మీ బీచ్ రోడ్డు భేషైన చోటు. అయితే సిలోస్టజాల్ పెంచేది నడిచే దూరాన్నే, ఆయుష్షును కాదు. గుండెపోటు ముప్పు తగ్గించడానికి స్టాటిన్, ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్ కావాలి. వాటన్నిటికంటే ముందు బీడీ మానాలి. ఖర్చు లేని ఆ వైద్యం గురించి రోగితో పది నిమిషాలు మాట్లాడే తీరిక మన ఆసుపత్రుల్లో ఎవరికీ ఉండకపోవడమే నాకు కోపం.